మెగా డ్రైవ్‌లో రోడ్ రాష్ 2: అడాప్టర్ నుంచి ఐదో లెవెల్ దాకా

మెగా డ్రైవ్ అంటే టీవీకి కలిపి ఆడే సెగా వాళ్ల గేమ్ కన్సోల్. రోడ్ రాష్ 2 దాని మీద ఆడే బైక్ రేసు ఆట, పక్కవాళ్లను కొడుతూ దాటిపోవాలి. దీని గురించి నాకు వస్తున్న ప్రశ్నలన్నీ దాదాపు ఒకేలా ఉంటున్నాయి. "ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో సెగా కన్సోల్ దొరికింది, ఎలా ఆన్ చేయాలి?" అని కొందరు అడుగుతారు. "మొదటి లెవెల్ దాటాను, రెండో లెవెల్‌లో డబ్బులన్నీ పోయి గేమ్ ఓవర్ వస్తోంది" అని ఇంకొందరు. వీళ్లలో చాలామంది సెట్లు నేను స్వయంగా చూశాను. ఆట రాకపోవడం వల్ల ఓడిపోతున్నవాళ్లు తక్కువ. అరిగిపోయిన బీ బటన్ (యాక్సిలరేటర్), ఆలస్యంగా స్పందించే టీవీ, పదే పదే కింద పడటం, ఈ మూడే అసలు కారణాలు. అందుకే ఈ మార్గదర్శిలో సగం ఆట మొదలయ్యే ముందు చేయాల్సిన పనుల గురించే రాశాను. వరుస మార్చకుండా చేయండి.

## 1. మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోండి

మనలో చాలామంది నెట్ సెంటర్లలో ఆడింది 1996 నాటి విండోస్ వెర్షన్. 1992 నాటి మెగా డ్రైవ్ రోడ్ రాష్ 2 వేరే ఆట. ట్రాక్‌లు వేరు, బటన్లు వేరు. కంప్యూటర్‌లో చేతికి పట్టిన అలవాట్లు ఇక్కడ పనిచేయవు.

కన్సోల్ పెద్దగా ఉండి, పైన గుండ్రటి భాగం, ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం, దాని పక్కన జరిపే వాల్యూమ్ మీట ఉంటే అది మోడల్ 1. చిన్నగా ఉండి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే మోడల్ 2. అమెరికా నుంచి వచ్చిన దాని మీద జెనెసిస్ అని ఉంటుంది, అదీ ఇదే యంత్రం.

క్యాసెట్ ఒరిజినల్ అయితే మిగతా సెగా క్యాసెట్ల కంటే పొడవుగా, పక్కన పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కతో ఉంటుంది. ఈ ఆట తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ల క్యాసెట్‌కి అది గుర్తు.

2019లో వచ్చిన జెనెసిస్ మినీ మీ దగ్గరుంటే రోడ్ రాష్ 2 అందులో ముందే ఉంది. మీరు 2, 4 భాగాలు వదిలేయొచ్చు.

## 2. అడాప్టర్: ఇక్కడ తొందరపడొద్దు

నా మొదటి కన్సోల్ ఈ మెట్టు దగ్గరే పోయింది. ఒక దుకాణంలో "సెగాకి ఇదే సార్" అని ఇచ్చిన అడాప్టర్‌ని చూసుకోకుండా పెట్టేశాను. పిన్ సరిపోయింది, పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ వరుస, తిరగబడింది. స్విచ్ వేయగానే ఎర్ర లైటు వెలగలేదు, నిమిషంలో కాలిన వాసన వచ్చింది. లోపల రెగ్యులేటర్ పోయింది.

లెక్క ఇది:

- మోడల్ 1: 9 వోల్టుల డీసీ, 1.2 ఆంపియర్లు, పిన్ లోపలి భాగం నెగటివ్.
- మోడల్ 2: 10 వోల్టుల డీసీ, 0.85 ఆంపియర్, పిన్ సన్నగా ఉంటుంది, లోపలి భాగం పాజిటివ్.

రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. మన మార్కెట్‌లో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ వాటికి లోపల పాజిటివే ఉంటుంది. కాబట్టి మోడల్ 1 ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మల్టీమీటర్‌తో ఒక్కసారి చూసుకోండి. డీసీ వోల్టేజ్‌లో పెట్టి, ఎర్ర తీగను పిన్ రంధ్రం లోపల, నల్ల తీగను బయటి లోహానికి ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే లోపల నెగటివ్ అన్నమాట, అది మోడల్ 1కి సరైనది. పాతకాలపు బరువైన అడాప్టర్ అయితే లోడ్ లేనప్పుడు, అంటే కన్సోల్‌కి కలపనప్పుడు, 9కి బదులు 13, 14 కూడా చూపిస్తుంది. అది దాని స్వభావం, కంగారు పడకండి. కొత్తగా కొనేటప్పుడు మాత్రం వోల్టేజ్ స్థిరంగా ఉండే రకమే తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మీటర్ కూడా వెంట తీసుకెళ్లి, అక్కడే కొలిచి కొనండి.

అమెరికా నుంచి కన్సోల్‌తో పాటు వచ్చిన అడాప్టర్ 120 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టకూడదు. కన్సోల్‌కి కావాల్సింది డీసీ మాత్రమే కాబట్టి ఇక్కడి అడాప్టర్ కొంటే సరిపోతుంది.

ఆన్ చేసే ముందు:

- వోల్టేజ్ సరిపోయిందా?
- పోలారిటీ కొలిచారా, లేక నమ్మకం మీద పెడుతున్నారా?
- ఆంపియర్లు చెప్పినంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉన్నాయా?
- కన్సోల్ మెత్తటి గుడ్డ మీద కాకుండా గట్టి బల్ల మీద ఉందా? మే నెల ఎండల్లో ఇది బాగా వేడెక్కుతుంది, గాలి ఆడాలి.

## 3. టీవీ: ఆలస్యాన్ని ముందే తీసేయండి

ఈ ఆటలో ఎదురుగా కారు కనబడ్డాక తప్పించుకోవడానికి దొరికే సమయం చాలా తక్కువ. మీరు ఎడమ నొక్కాక బైక్ ఆలస్యంగా వంగితే ఎంత సాధన చేసినా లాభం లేదు.

ఇంట్లో పాత డబ్బా టీవీ పనిచేస్తుంటే అదే వాడండి. ఆ టీవీలో బొమ్మ నలుపు తెలుపులో వస్తే కన్సోల్ పాడైనట్టు కాదు. కన్సోల్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి), టీవీ పాల్ (మన పాత టీవీల పద్ధతి) అయి ఉంటుంది. టీవీ మెనూలో కలర్ సిస్టం అని ఉంటే ఆటోలో పెట్టి చూడండి.

కొత్త టీవీకి ఏవీ ఇన్‌పుట్ ఉంటే నేరుగా దానికే కలపండి. లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కావాలి. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చాలా రకాలు దొరుకుతాయి, కానీ అన్నీ ఒకటి కావు. చవక రకాల్లో కొన్ని ఆలస్యాన్ని పెంచుతాయి. వెనక్కి తీసుకుంటారో లేదో అడిగి కొనండి. టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ తప్పకుండా ఆన్ చేయండి. అది లేకుండా ఆడేవాళ్లు ఎంతమందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఇంకో మాట. పాల్ కన్సోల్ 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది, అమెరికా, జపాన్ కన్సోళ్లు 60లో. అందుకే ఒకే ఆట ఒక ఇంట్లో నెమ్మదిగా, ఇంకో ఇంట్లో చురుగ్గా అనిపించవచ్చు. రెండూ సరైనవే. నేర్చుకోవడానికి పాల్ వేగం సుఖంగా ఉంటుంది.

## 4. క్యాసెట్ శుభ్రం చేయడం

స్క్రీన్ నల్లగా వస్తే చాలామంది క్యాసెట్‌ని నోటితో ఊదుతారు. ఊదొద్దు. నోటి తేమ రాగి పట్టీల మీద పడి తుప్పుకి దారి తీస్తుంది, వానాకాలంలో అయితే ఇంకా త్వరగా.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవి పుల్లను కొద్దిగా ముంచి, పట్టీల మీద పైనుంచి కిందికి తుడవండి. అడ్డంగా రుద్దకండి. పుల్ల నల్లబడటం ఆగేదాకా మారుస్తూ తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. కన్సోల్ ఆఫ్‌లో ఉన్నప్పుడే క్యాసెట్ పెట్టాలి, తీయాలి.

## 5. ప్యాడ్: బీ బటన్ సంగతి

ప్యాడ్ అంటే చేత్తో పట్టుకొని ఆడే కంట్రోలర్. దాని మీద ఏ బ్రేకు, బీ యాక్సిలరేటర్, సీ దెబ్బ. రేసు మొత్తం వేలు బీ మీదే ఉంటుంది. మన చేతికి వచ్చే సెకండ్ హ్యాండ్ ప్యాడ్‌లో అన్నిటికంటే ముందు అరిగేది కూడా అదే.

అరిగితే వేగం తగ్గుతుందని మాత్రమే అనుకుంటారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఈ ఆటలో నైట్రో (ఒక్కసారిగా వేగం పెంచేది) ఉన్న బైక్‌ల మీద బీని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే నైట్రో పేలుతుంది. రేసులో అది కొన్నిసార్లు వాడుకునేంతే ఉంటుంది. బీ కింద రబ్బరు సరిగ్గా ఆనకపోతే మీరు నొక్కిపట్టే ఉన్నా లోపల కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తుంది. ఆటకి అది రెండుసార్లు నొక్కినట్టే లెక్క. మా వీధి కుర్రాడు ఒకడు ప్యాడ్ పట్టుకొని వచ్చి "అన్నా, నేను బీ ఇడ్వలే, నైట్రో దానంతట అదే పోయింది" అన్నాడు. వాడి మాట నిజం. మలుపు మధ్యలో నైట్రో అంటుకొని, బైక్ నేరుగా వెళ్లి చెట్టుకి గుద్దుకుంది.

ప్యాడ్ బాగు చేసుకునే పద్ధతి:

- వెనక ఉన్న చిన్న స్క్రూలను స్టార్ స్క్రూడ్రైవర్‌తో తీయండి. ఒక గిన్నెలో వేసుకోండి, పోతే దొరకవు.
- బటన్ల కింద రబ్బరు ఎత్తండి. దాని లోపలి వైపు నల్లటి చుక్కలుంటాయి. అవే కరెంటును కలిపేవి.
- సర్క్యూట్ మీద ఆ చుక్కలు ఆనే చోటును ఆల్కహాల్ పుల్లతో తుడవండి.
- నల్ల చుక్కలను పొడి గుడ్డతో మెల్లగా అద్దండి. గట్టిగా రుద్దితే ఆ నలుపే ఊడిపోతుంది.
- బీ చుక్క మిగతా రెండింటికంటే నున్నగా, మెరుస్తూ ఉంటే అరిగిపోయినట్టే. రబ్బరు మార్చాలి.

ఆరు బటన్ల ప్యాడ్ ఉండి ఏదైనా తేడాగా స్పందిస్తే, మోడ్ బటన్ నొక్కిపట్టి కన్సోల్ ఆన్ చేయండి. అది మూడు బటన్ల ప్యాడ్‌లా పనిచేస్తుంది.

## 6. మొదటి గంట ఎవరినీ కొట్టకండి

ఇప్పుడు ఆట. అలాస్కా, హవాయి, అరిజోనా, టెన్నెసీ, వెర్మాంట్, ఇలా ఐదు ట్రాక్‌లు, ఐదు లెవెల్స్. ప్రతి రేసులో మీతో పాటు 14 మంది ఉంటారు. మొదటి మూడు స్థానాల్లో వస్తేనే ఆ ట్రాక్ దాటినట్టు. లెవెల్ పెరిగే కొద్దీ దారి పొడవు పెరుగుతుంది, ఎదుటివాళ్ల కోపం పెరుగుతుంది, డబ్బూ పెరుగుతుంది.

మొదటి గంట సీ బటన్ ముట్టుకోకండి. ఈ గంటలో నేర్చుకోవాల్సింది పడకుండా చివరిదాకా వెళ్లడం. పడ్డ ప్రతిసారీ బైక్ దెబ్బతింటుంది, బాగా దెబ్బతింటే రేసు అక్కడితో ఆగి రిపేరు ఖర్చు మీ డబ్బులోంచి పోతుంది. ఒక్కసారి పడి లేచేలోపు నలుగురైదుగురు దాటిపోతారు. నలుగురిని కొట్టి పడేసిన ఆనందం ఆ ఒక్క పడటంతో పోతుంది.

కుడి వైపు అలవాటు. ఆట జరిగేది అమెరికా రోడ్ల మీద. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. హైదరాబాద్‌లో రోజూ బండి నడిపేవాళ్ల చెయ్యి టెన్షన్‌లో తెలియకుండానే ఎడమకి లాగుతుంది. ఆటలో ఎడమంటే ఎదురుగా కార్లు వచ్చే వైపు. కొత్తవాళ్లు కార్లకి గుద్దుకోవడంలో సగం ఇందువల్లే. మొదటి రెండు మూడు రేసులు పూర్తిగా కుడి లేన్‌లోనే ఉండటం సాధన చేయండి. ఓడిపోయినా పరవాలేదు.

మలుపులు. మలుపులో బైక్ ఎప్పుడూ బయటి వైపుకి జారుతుంది. కుడి మలుపులో మిమ్మల్ని ఎడమకి, అంటే ఎదురు కార్ల లేన్‌లోకి నెడుతుంది. ఎడమ మలుపులో కుడి అంచు దాటించి చెట్లు, బోర్డుల మీదికి నెడుతుంది. కాబట్టి కుడి మలుపుకి ముందే కుడి అంచుకి చేరండి. ఎడమ మలుపుకి లేన్ మధ్యలో ఉండండి. మలుపు మొదలయ్యాక కాదు, బాణం బోర్డు కనబడగానే వంగడం మొదలుపెట్టాలి.

ముందు బీ వదలండి. సరిపోకపోతేనే ఏ కొద్దిగా తాకించండి. మళ్లీ బీ నొక్కేటప్పుడు ఒక్కసారి నొక్కి పట్టేయండి. టపటపా నొక్కే అలవాటు ఇప్పుడే మానుకుంటే తర్వాత నైట్రో వృథా కాదు.

గుట్టలు. ఎత్తు ఎక్కి దిగేచోట వేగంగా వెళ్తే బైక్ గాల్లోకి లేస్తుంది. అవతల ఏముందో కనబడదు. పైకి చేరేలోపే కుడి లేన్‌లో నిటారుగా ఉండండి. వంగి ఉండగా ఎగరడం, ఎడమ లేన్‌లో ఎగరడం, ఈ రెండే గుట్టల మీద ప్రాణం తీసేవి.

అడ్డ రోడ్లు. కూడలి కనబడగానే రెండు పక్కలా చూడండి. అడ్డంగా వచ్చే కారుకి ముందు నుంచి కాకుండా దాని వెనక నుంచి పోయేలా వంగండి.

ఒక ట్రాక్‌ని రెండుసార్లు కంటే ఎక్కువ పడకుండా పూర్తి చేయగలిగితే తర్వాతి మెట్టుకి వెళ్లండి.

## 7. పడ్డాక ఏం చేయాలి

పడితే మీ మనిషి లేచి తనంతట తనే బైక్ వైపు పరుగెడతాడు. చాలామంది ఇక్కడ ప్యాడ్ వదిలేసి చూస్తూ కూర్చుంటారు. ఆ పరుగుని మీరు దిక్కు బటన్లతో మళ్లించవచ్చు. బైక్ రోడ్డుకి అవతల పడి, మధ్యలో కారు వస్తుంటే, బైక్ ఉన్న వైపుకి వ్యతిరేక దిక్కు నొక్కిపట్టండి. మనిషి ఆగుతాడు. కారు పోయాక వదలండి.

లేచి బైక్ ఎక్కగానే ముందు వాళ్లను అందుకోవాలన్న ఆత్రంతో ఎడమ లేన్‌లోకి దూరకండి. రెండోసారి పడేది ఎక్కువగా ఇప్పుడే.

## 8. కొట్టడం: ఎప్పుడు, ఏ పక్క నుంచి

సీ నొక్కితే దెబ్బ. సీతో పాటు దిక్కు బటన్ పట్టుకుంటే తన్ను, చేతి వెనక దెబ్బ, ఇలా రకం మారుతుంది. మీ ప్యాడ్‌లో ఏ దిక్కుకి ఏది వస్తోందో మొదటి లెవెల్‌లో ఖాళీ రోడ్డు మీద చూసుకోండి.

నేను పాటించే నియమాలు మూడు.

మొదటిది, నేరు రోడ్డు మీద తప్ప కొట్టను. మలుపులో దెబ్బ కొడితే చూపు రోడ్డు మీద ఉండదు.

రెండోది, ప్రత్యర్థి నాకు ఎడమ పక్క ఉండాలి. అప్పుడు తన్నితే వాడు ఎదురు కార్ల వైపుకి జరుగుతాడు. నేను కుడి లేన్‌లో క్షేమంగా ఉంటాను. వాడు నా కుడి పక్కకి వస్తే కొంచెం వేగం తగ్గించి, వాడి వెనక నుంచి కుడివైపుకి మారతాను. ఈ ఒక్క పని నేర్చుకున్నాక నా రేసుల తీరే మారిపోయింది.

మూడోది, స్క్రీన్ మీద ఎవరికి ఎంత శక్తి మిగిలిందో చూపే గీత చూసుకుంటాను. ప్రత్యర్థి గీత తగ్గి ఉంటే ఇంకో దెబ్బ. నాదే తక్కువుంటే తప్పుకొని ముందుకి పోతాను. కొట్టడం వల్ల స్థానం రాదు, దాటడం వల్ల వస్తుంది.

కొందరి చేతిలో కర్ర గానీ గొలుసు గానీ ఉంటుంది. వాడు కొట్టడానికి దాన్ని చాపిన క్షణంలో మీరు సీ నొక్కితే అది మీ చేతికి వస్తుంది. ముందే నొక్కితే మామూలు దెబ్బ, ఆలస్యమైతే మీకే దెబ్బ. వాడి భుజం లేవడం చూసి నొక్కండి. కర్ర చేతికొచ్చాక ముందున్నవాళ్లను దాటడం చాలా తేలికవుతుంది.

## 9. పోలీసు వస్తే

పోలీసు బైక్ దగ్గర్లో ఉన్నప్పుడు మీరు పడితే పట్టుకుంటాడు. రేసు పోతుంది, జరిమానా కట్టాలి. అంటే పోలీసు కనబడ్డాక పాటించాల్సింది ఒక్కటే, పడకూడదు. అప్పుడు ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. మలుపుల్లో ఇంకొంచెం నెమ్మదించండి. పక్కకే వచ్చేస్తే అతన్నీ కొట్టి పడేయొచ్చు, కానీ అతను మీకు ఎడమ పక్క ఉన్నప్పుడే ఆ పని చేయండి.

## 10. డబ్బు, బైక్

జరిమానాకి గానీ రిపేరుకి గానీ డబ్బు చాలకపోతే గేమ్ ఓవర్. రెండో లెవెల్‌లో ఆగిపోయినవాళ్లంతా చేసిన తప్పు ఇదే. డబ్బు రాగానే మొత్తం పెట్టి కొత్త బైక్ కొన్నారు, అలవాటు లేని వేగంతో మొదటి రేసులోనే గుద్దుకున్నారు, రిపేరుకి పైసా మిగల్లేదు.

ఇలా చేయండి:

- మొదటి లెవెల్ మొత్తం మొదటి బైక్ మీదే దాటండి. దాటొచ్చు.
- ఒక లెవెల్‌లో నాలుగు ట్రాక్‌లు దాటాక, ఐదోదానికి వెళ్లే ముందు మీకు బాగా వచ్చిన ట్రాక్‌నే మళ్లీ ఆడి డబ్బు కూడబెట్టండి.
- కొత్త బైక్ కొన్నాక కూడా ఒక రిపేరు, ఒక జరిమానా కట్టేంత డబ్బు మిగలాలి. మిగలకపోతే కొనకండి.
- కొత్త బైక్ మీద మొదటి రేసు తెలిసిన ట్రాక్‌లోనే ఆడండి. మలుపులో ఎక్కడ బీ వదలాలో మారిపోయి ఉంటుంది.
- నైట్రో బైక్ కొన్నాక నైట్రోని పొడవాటి నేరు రోడ్డు మీద, ముందు కారు లేనప్పుడు మాత్రమే వాడండి.

## 11. పాస్‌వర్డ్

ఈ క్యాసెట్‌లో సేవ్ లేదు. రేసు అయ్యాక వచ్చే పాస్‌వర్డే మీ సేవ్. చేత్తో రాసుకుంటే సున్నాకి, ఓ అక్షరానికి తేడా తెలియక మర్నాడు తలపట్టుకుంటారు. ఫోన్‌తో ఫోటో తీయండి. డబ్బా టీవీ ఫోటోలో గీతలు పడితే రెండు మూడు తీసి, స్పష్టంగా వచ్చింది ఉంచుకోండి. బైక్ కొనే ముందు నాటి పాస్‌వర్డ్ మాత్రం చెరిపేయకండి. ఆ బైక్ మీకు పడకపోతే వెనక్కి రావడానికి అదొక్కటే దారి.

## 12. ఇద్దరు ఆడేటప్పుడు

స్ప్లిట్ స్క్రీన్‌లో స్క్రీన్ సగమే ఉంటుంది కాబట్టి ఎదురు కార్లు ఆలస్యంగా కనబడతాయి. 32 అంగుళాల కంటే చిన్న టీవీ అయితే దగ్గరగా కూర్చోండి. కొత్తవాళ్లతో ఆడుతుంటే మానో ఎ మానో మోడ్ పెట్టండి, అందులో మీరిద్దరే ఉంటారు. అరిగిన ప్యాడ్ మీరు తీసుకొని మంచిది వాళ్లకివ్వండి.

## 13. ఎక్కువగా అడిగే ఇబ్బందులు

ఆడుతుండగా ఆట ఆగిపోతోంది. అడాప్టర్ పిన్ వదులుగా ఉందేమో కదిపి చూడండి. అది కాకపోతే క్యాసెట్ పట్టీలు మళ్లీ తుడవండి.

మోడల్ 1లో టీవీ నుంచి ఒక పక్కే శబ్దం వస్తోంది. వెనక నుంచి వచ్చేది మోనో శబ్దమే. స్టీరియో కావాలంటే ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకోవాలి.

బైక్ ఒక పక్కకే లాగుతోంది. నేరు రోడ్డు మీద దిక్కు బటన్ వదిలేసి చూడండి. అప్పుడూ వంగుతూనే ఉంటే దిక్కు బటన్ కింద రబ్బరులో మురికి ఉంది. 5వ భాగంలో చెప్పినట్టే తుడవండి.

మూడో లెవెల్‌లో ఎప్పుడూ ఐదో, ఆరో స్థానమే వస్తోంది. రేసులో ఎన్నిసార్లు పడుతున్నారో కాగితం మీద గీతలు పెట్టి లెక్కేయండి. మూడు దాటితే బైక్ మార్చడం వల్ల లాభం లేదు, మళ్లీ 6వ భాగంతో మొదలుపెట్టండి. ఒక్కసారో రెండుసార్లో పడుతూ ఐదో స్థానం వస్తుంటే మాత్రం బైక్ మార్చే సమయం వచ్చింది.